మాటలు: వకుళ – భానోజీ

సమ్మె మొదలైన ఇరవై మూడో రోజుకి, కృష్ణానగర్ టెంటు కింద కూర్చున్న టీవీ రచయితలకి మాట్లాడుకోవడానికి ఒక్క విషయమే మిగిలింది. ఏడున్నర సీరియల్ ఎవరు రాస్తున్నారు?

తక్కిన సీరియళ్లన్నీ పడకేశాయి. తొమ్మిది గంటల సీరియల్లో పెళ్లికొడుకు మూడు వారాలుగా తాళి చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆరున్నర సీరియల్లో మెట్ల మీంచి జారిన నిండు గర్భిణి ఇంకా కింద పడలేదు. ఛానళ్లు పాత ఎపిసోడ్లకే మళ్లీ తిరగమోత వేసి వడ్డిస్తున్నాయి. ఏడున్నర సీరియల్ మాత్రం ఏ రోజుకారోజు వేడివేడిగా వస్తోంది. అందులో అత్తగారు అప్పలనరసమ్మ రోజూ కొత్త మాటలతో కోడల్ని దులిపేస్తోంది. ఒక్క ఛానల్ ఇలా నిలదొక్కుకుంటే మిగతా ఛానళ్లు బేరానికి రావు. బేరం కుదరకపోతే రచయితలు తలవంచుకుని పనిలోకి పోవాలి, అంతే.

ఆ సీరియల్‌కి మాటలు రాసేది వకుళ. అంచేత అందరూ ఆవిడ వంక చూడటం మొదలుపెట్టారు. ముందు ఓరగా, తర్వాత సూటిగా.

యూనియన్ కార్యదర్శి ఐలయ్య టీ గ్లాసు తెచ్చి ఆవిడ చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఏమనుకోకు. అడగకుంటే వీళ్లు నన్ను బతకనియ్యరు. నువ్వు రాస్తలేవు కదా?"

"ఒట్టు ఐలయ్యా. సమ్మె మొదలయ్యాక ఆ సీరియల్ మొహమే తలుచుకోలేదు. టీవీ కూడా పెట్టలేదు."

"నాకెరుకే. మరి గా అప్పలనర్సమ్మ ఎట్ల మాట్లాడుతున్నది?"

"ఇవాళ పెట్టి చూస్తాను."

ఆ టెంటు కింద తలుచుకోలేదనడం ఉత్త మాట కాదు. తలుచుకుంటే రాసినట్టే లెక్క. అక్కడున్న నలభై ఏడుగురికీ ఎడమచెవి వెనక, చర్మం కింద, కందిగింజంత పూస ఉంది. మూడేళ్ల కిందట ఛానళ్లే పెట్టించాయి. రాసేవాళ్ల తలలో పాత్రలు మాట్లాడుకుంటున్నప్పుడు చెవి వెనక నరం సన్నగా కదులుతుంది. పూస ఆ కదలికని పట్టుకుని, అక్షరాలు చేసి, ఛానల్ స్క్రిప్టు గదికి పంపేస్తుంది. గ్యాసు బుక్ చెయ్యాలి, నడుం పట్టేసింది లాంటి సొంత గొణుగుడు జోలికి పోదు. తలలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే వినాలి, అదీ దానికి కావలసింది.

మొదటి వారం వకుళ ఆ పూసకి దండం పెట్టింది. ఇరవయ్యేళ్లుగా టైపు చేసి చేసి మణికట్లు అరిగిపోయాయి మరి. కూర తరుగుతూ సీను వింటే చాలు, అది సెట్లో ప్రాంప్టర్ చేతిలో కాగితమై ఉండేది. కన్నడం నుంచి వచ్చిన హీరోయిన్‌కి అతను కెమెరా వెనక నిలబడి ఒక్కో మాటా అందించేవాడు. తర్వాతే తెలిసింది అసలు సంగతి. ఒప్పందం నడిచినన్నాళ్లూ తలలో వినపడ్డ ప్రతి మాటా ఛానల్‌దేనట. పూస తీయాలంటే తాళం వాళ్ల దగ్గరే ఉంది. వేరేవాళ్లు తీస్తే చెవి పోతుంది. అందుకే సమ్మె. 'మా తలలో మాట మాదే' అని టెంటుకి గుడ్డ కట్టారు. పాత్రల్ని ఆపుకోలేనివాళ్లకి పూస మీద మూత పెట్టించారు. ఆపుకోగలమన్నవాళ్లు ప్రమాణం చేశారు. వకుళ ప్రమాణం చేసింది, నిజాయితీగా నిలబెట్టుకుంది కూడా. ఆవిడ చేసిన తప్పల్లా ఇంకోటి.

యూసుఫ్‌గూడలో రెండో అంతస్తు మీద రెండు గదుల ఇల్లు ఆవిడది. యాభై మూడేళ్లు, పెళ్లి చేసుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, అన్నం కుక్కరు పెట్టి, ఏడున్నరకి టీవీ వేసింది. పేర్లు పడ్డాయి. 'మాటలు: వకుళ – భానోజీ.' నాలుగేళ్ల కిందట పోయిన మనిషి పేరు ఇంకా పడుతూనే ఉంది. తీయమని ఆవిడ అడగలేదు, వాళ్లు తీయలేదు.

పదిహేడేళ్లు వకుళా భానోజీ ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని రాశారు. రాశారనే కన్నా పోట్లాడుకున్నారనడం సబబు. కోడళ్ల తరఫున వకుళ, అత్తల తరఫున భానోజీ. బుర్రమీసాల విజయనగరం మనిషి, లేని కొంగు భుజమ్మీదికి లాక్కుంటూ ఆవిడ మీద విరుచుకుపడేవాడు. ఆవిడ తిప్పికొట్టేది. ఎవరికి ముందు మాట అందకపోతే వాళ్లు ఆ రోజుకి ఓడినట్టు, టీ వాళ్లే పెట్టాలి. ఆయనకి టీ పెట్టడం చేతకాదు కాబట్టి ఓడిపోవడానికి ఒప్పుకునేవాడు కాదు. రచయితల యూనియన్ పెట్టిందీ ఆయనే. మిగతావాళ్లు వెనక నడిచారు.

ఒక ఆదివారం పొద్దున మూసాపేటలో, తన ఇంట్లో, పేపరు చదువుతూ ఒరిగిపోయాడు. వకుళ యూనియన్ వాళ్లతో పాటు వెళ్లి గేటు దగ్గర నిలబడి వచ్చేసింది. కలిసి పనిచేసినవాడు పోతే మైల ఎన్నాళ్లో ఏ పంచాంగంలోనూ లేదు. మంగళవారానికి ఎపిసోడ్ ఇవ్వాలి. బల్ల ముందు కూర్చుని కోడలి మాట పైకి అంది. అటువైపు నుంచి అత్త మాట వచ్చింది. ఆయన గొంతులో, ఆయన యాసలో, ఆవిడకి తట్టని ఎదురుదెబ్బ.

అప్పట్నుంచి ఆ గొంతు ఆగలేదు. మెల్లగా సీరియల్ దాటి వంటింట్లోకి, ఆటోలోకి, ఆసుపత్రి వరసలోకి వచ్చింది. అది దయ్యం కాదని వకుళకి తెలుసు. పదిహేడేళ్లు ఒక మనిషిని వింటే మన తల ఆ మనిషిని నేర్చుకుంటుంది. అది తెలిసినంత మాత్రాన చేసేదేముంది? ఆ ఇంట్లో ఆవిడతో మాట్లాడే దిక్కు అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు.

టీవీలో వంటింటి సెట్టు. కోడలు కూర తరుగుతోంది. అప్పలనరసమ్మ చెంగు దోపుకుని వచ్చింది.

"ఏటే, మళ్లీ గోరుచిక్కుడేనా? నీకూ ఆ కూరకీ ఏ జన్మ రుణమే?"

వకుళ చేతిలో రిమోటు అలాగే ఉండిపోయింది.

"వండేదాన్ని నేను, తినేదాన్ని నేను. మీకేం కష్టం?" అంది కోడలు.

"ఒక్కర్తివే వొండుకుని ఒక్కర్తివే తింటే అది కూర కాదమ్మా, మందు."

నిన్న పొద్దున తొమ్మిది గంటలకి, స్టవ్వు దగ్గర, భానోజీ ఆవిడతో అన్న మాట అది. అక్షరం పొల్లుపోలేదు. ఆవిడ ఇచ్చిన జవాబు కూడా అదే. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ మాట వెనక వీణ వాయిస్తున్నారు.

పూసకి అప్పలనరసమ్మ గొంతు నేర్పింది వకుళ తలలోని భానోజీయే. ఇప్పుడు ఆ గొంతు కూర గురించి మాట్లాడినా, నడుంనొప్పి గురించి మాట్లాడినా దానికి అత్తగారే. స్నేహితుడితో కబుర్లాడటం కూడా రాయడమేనని వకుళకి తట్టనే లేదు. ఇరవై మూడు రోజులుగా సమ్మె విరుస్తున్న ద్రోహి ఎవరా అని ఆవిడ కూడా అందరితో పాటు తిట్టింది.

మర్నాడు టెంటు వెనక్కి పిలిచి ఐలయ్యకి అంతా చెప్పేసింది. తిడతాడనుకుంది. అతను అడిగింది వేరే.

"భానోజన్న ఇంకా మాట్లాడుతున్నడా నీతోని?"

"ఊఁ."

"నా గురించి ఏమన్నన్నడా ఎప్పుడన్నా?"

"సంతకాల పుస్తకం సరిగ్గా పెట్టడం లేదంటాడు."

ఐలయ్య నవ్వాడు గానీ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత విషయానికొచ్చాడు. ఇద్దరు ముగ్గురు అప్పుడే మెత్తబడుతున్నారు, సోమవారం దాకా ఈ సీరియల్ ఇలాగే నడిస్తే పనిలోకి పోతామంటున్నారు. "నేనేం జెప్పాలె అక్కా నీకు? నువ్వే చెప్పు."

బోరబండలో చెవి డాక్టరు జీనత్ దగ్గరికి తీసుకెళ్లాడు. మూతలు పెట్టేది ఆవిడే. డాక్టరు దాపరికం లేకుండా చెప్పింది.

"మూత పెడితే ఆ నరం నిద్రపోతుందమ్మా. సమ్మె అయ్యాక తీసేస్తాం. సమ్మెకి ముందు పెట్టించుకుని తీయించుకున్నవాళ్లలో చాలామందికి పాత్రలు మర్నాడే మాట్లాడాయి. ఇద్దరికి మాత్రం రాలేదు. వాళ్లు కొత్త పాత్రల్ని పుట్టించుకున్నారు. మీది అలాంటిది కాదు కదా. ఆ గొంతు తిరిగి వస్తుందని నేను మాట ఇవ్వలేను."

"ఆయనతో మాట్లాడకుండా ఉంటే సరిపోతుందా?"

"ఉండగలిగితే."

రెండు రోజులు గడువు అడిగి వచ్చింది వకుళ. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకు అన్నట్టయింది వ్యవహారం. రేడియో గట్టిగా పెట్టుకుంది. పక్క వాటావాళ్ల పాపకి ఎక్కాలు చెప్పింది. పార్కులో నాలుగు చుట్లు తిరిగింది. ఐదో చుట్టులో చెప్పు తెగింది. వంగి చూసుకుంటుంటే ఎదురుగా ఎప్పటిలాగే, "నన్ను తప్పించుకు తిరగతన్నావేటి వకులమ్మా?" అని వినపడింది. ఆపుకోలేక "మీవల్లే చస్తున్నాను, కాసేపు ఊరుకోండి" అంది. ఆ రాత్రి తనని తాను తిట్టుకుంది. మర్నాటి ఎపిసోడ్లో అప్పలనరసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, నన్ను తప్పించుకు తిరగతన్నావేటే అని కోడల్ని నిలదీసింది.

గడువు అయిపోయిన రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే భానోజీ భార్య వరహాలు. ఇరవయ్యొక్క ఏళ్లలో వాళ్లిద్దరూ ఎదురుపడింది నాలుగైదు సార్లు. అదీ పెళ్లిళ్లలో. వరహాలు లోపలికొచ్చి కుర్చీ అంచున కూర్చుంది. గదంతా చూసి, బల్లని చూసి, చూపు తిప్పుకుంది.

"నానొక మాటడుగుతాను, కోప్పడకమ్మా. ఆ టీవీలో అత్తగోరు మాటాడతన్న మాటలు ఎవులివి?"

వకుళ ఫ్యాను వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ముందు నువ్వే రాస్తన్నావనుకున్నాను. ఆ తరవాత పేపర్లో సూసినాను, మీరు సమ్మె సేస్తన్నారని. సమ్మెలో నువ్వు రాయవు. ఆయన కాడ పనిచేసినదానివి. మరి మొన్న ఆ యమ్మ కూర కాదు మందు అన్నాది సూడు, నాకు ఒళ్లు జల్లుమంది. అది ఆయన మాటే."

చెప్పక తప్పలేదు. మంగళవారం ఎపిసోడ్ దగ్గర్నుంచి మూత దాకా వకుళ అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ దొంగసొత్తు బయటపెడుతున్నట్టు తల దించుకునే ఉంది. మొగుడి గొంతుని నాలుగేళ్లు ఇంట్లో దాచుకున్నావా అని ఆ ఇల్లాలు అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తెలియదు.

వరహాలు అది అడగలేదు.

"ఇంటికాడ ఆయన మాటాడీవోడు కాదమ్మా. వచ్చీసి, తినీసి, పడుకునీవోడు. మాటలన్నీ ఈ బల్ల కాడే అయిపోయీవి. నాను ఏడున్నరకి టీవీ ఎట్టుకుని ఇనీదాన్ని. ఆయన పక్క గదిలోనే ఉండీవోడు, నాను ఆయన మాట టీవీలో ఇనీదాన్ని. ఎప్పుడైనా నవ్వొస్తే గట్టిగా నవ్వీదాన్ని, ఆయనకి ఇనపడాలని."

వకుళకి సిగ్గు ముంచుకొచ్చింది. పదిహేడేళ్లూ ఆ మనిషి మాటలన్నీ తనే వాడేసుకుందన్నమాట. ఇంటికి పోయేసరికి ఆయన దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఆ సంగతి ఒక్కసారీ తనకి తోచలేదు. ఆవిడ గబగబా అంది.

"నేను మూత పెట్టించుకోను వదినా. యూనియన్‌కి రాజీనామా ఇచ్చేస్తాను. నన్ను ఏమన్నా అననీ. పగలంతా ఆయన నాతో మాట్లాడతాడు, ఏడున్నరకి మీ ఇంటికొస్తాడు. ఇద్దరికీ ఉంటాడు."

వరహాలు మంచినీళ్లు అడిగింది. గ్లాసెడూ తాగి, చెంగుతో మూతి తుడుచుకుంది. ఆశ పడిన మొహం అది, చూస్తే తెలిసిపోతోంది.

"ఆయన బతికుంటే ఇప్పుడెక్కడుండీవోడు?"

"టెంటులో. ముందు వరసలో."

"మరి? సచ్చిపోనాడు కదా అనీసి, మనమిద్దరం కలిసి ఆయన సేత సమ్మె తప్పిస్తామేటి?"

కోడళ్ల తరఫున ఇన్నేళ్లు వాదించిన నోరు మూతపడిపోయింది. వకుళ లేచి టీ పెట్టింది. వరహాలు టీ తాగి, "ఎప్పుడెల్తావు ఆస్పత్రికి? నానూ వత్తాను" అంది.

మర్నాడు పొద్దున ముగ్గురూ బోరబండ వెళ్లారు. ఐలయ్య మెట్ల మీదే నిలబడిపోయాడు. డాక్టరు జీనత్ మూత సిద్ధం చేసింది. గోరంత రేకు, అంతే. వకుళ మొహం చూసి, "మేం బయట కూర్చుంటాం, ఓ ఐదు నిమిషాలు తీసుకోండి" అని వరహాలుని తీసుకుని వెళ్లింది.

గదిలో వకుళ ఒక్కతే ఉంది. చెప్పాల్సింది నాలుగేళ్ల సరుకు ఉంది, అసలు మాట్లాడితే ఇరవయ్యొక్క ఏళ్లది. మీరు లేకపోతే నాకు ఇంట్లో ఎవరూ లేరు అని చెప్పాలి. వరహాలు వదిన నవ్వితే మీకు వినపడేదా అని అడగాలి. కానీ ఏం చెప్పినా స్క్రిప్టు గదికి పోతుంది. రేపు ఏడున్నరకి అప్పలనరసమ్మ కళ్లలో గ్లిజరిన్ వేసుకుని అదే మాట అంటుంది. వెళ్లొస్తాను అని చెప్పుకోవడం కూడా ఛానల్‌కి ఒక ఎపిసోడ్ అయిపోతుంది.

అయినా ఉండబట్టలేక పిలిచింది. "భానోజీ గారూ."

ఆయన ఉన్నాడు. చీకటి గదిలో మనిషి ఉంటే తెలిసినట్టు తెలుస్తూనే ఉంది. పలకలేదు.

"భానోజీ గారూ, ఇంక పెట్టించేసుకుంటున్నాను."

ఆఖరి మాట ఎప్పుడూ ఎవరికీ వదలని మనిషి, టీ పెట్టాల్సి వస్తుందని గంటలు గంటలు వాదించిన మనిషి, నోరు విప్పలేదు. వకుళ కాసేపు ఎదురు చూసింది. అలిగాడా అనుకుంది. భయపడ్డాడా అనుకుంది. తర్వాత అర్థమైంది. ఆయన పని మానేశాడు.

ఇంక ఆవిడా మాట్లాడలేదు. గడియారం కింద ఇద్దరూ ఊరికే కూర్చున్నారు. అటూ ఇటూ బల్ల లేకుండా, అత్తా కోడలూ లేకుండా అలా కూర్చోవడం వాళ్లకి అదే మొదటిసారి. చాలా బాగుంది ఆవిడకి. ఐదు నిమిషాలు ఇంకో ఐదు నిమిషాలైతే బాగుండనిపించింది.

డాక్టరు వచ్చి చెవి వెనక రేకు అతికించి, వేలితో నొక్కింది.

"ఏమైనా తేడా తెలుస్తోందా?"

"లేదు" అంది వకుళ. నిజమే చెప్పింది. ముందూ నిశ్శబ్దమే, ఇప్పుడూ నిశ్శబ్దమే. ఏ క్షణాన ఆయన వెళ్లాడో ఆవిడకి తెలియలేదు.

ఆ మరుసటి సాయంత్రం వరహాలు మూసాపేట రమ్మంటే వెళ్లింది. ఆ ఇంటి గేటు దాటి లోపలికి వెళ్లడం అదే మొదలు. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ఏడున్నరకి పేర్లు పడ్డాయి. కోడలు హాల్లోకొచ్చి, "అత్తయ్యా" అని పిలిచింది. అప్పలనరసమ్మ వెనుదిరిగి చూసింది. ఉరుము ఉరిమింది. ఆవిడ మొహం మీదికి కెమెరా మూడుసార్లు దూకింది. "అత్తయ్యా, ఇంక పెట్టించేసుకుంటున్నాను" అంది కోడలు. ఏం పెట్టించుకుంటోందో కోడలికీ తెలియదు, దర్శకుడికీ తెలియదు. మళ్లీ ఉరుము, మళ్లీ మొహం. ప్రాంప్టర్ చేతిలో కాగితం అంతటితో అయిపోయింది. మిగతా ఇరవై నిమిషాలూ దేవుడి పటాలు, దీపం, ఎగిరే కర్టెన్లు, మొన్నటి గొడవలు చూపించి ఎలాగో లాక్కొచ్చారు. అత్తగారు పెదవి కదపలేదు. సోమవారం నుంచి పాత ఎపిసోడ్లే ప్రసారమవుతాయని తెర కింద అక్షరాలు పరుగెత్తాయి.

వరహాలు ముందుకు వంగి కూర్చుని చివరిదాకా చూసింది.

"పలకనేదు."

"లేదు వదినా."

"సమ్మెలో ఉన్నాడు" అంది వరహాలు. మొగుడు ఫలానా చోట పనిచేస్తున్నాడని నలుగురిలో చెప్పుకునే గొంతుతో అంది.

వకుళకి నవ్వొచ్చింది. ఈ మాటకి ఆయన ఏదో ఒకటి అంటాడని అలవాటుకొద్దీ ఆగింది. ఎదురుగా గోడ, క్యాలెండరు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకాసేపు ఆగింది. అప్పుడు తెలిసింది ఆవిడకి, భానోజీ పోయాడని. పోయిన నాలుగేళ్లకి, ఆయన ఇంట్లో, ఆయన భార్య పక్కన కూర్చుని, వకుళ పెద్దపెట్టున ఏడ్చింది.

ఊరుకోమని వరహాలు అనలేదు. లేచి వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కన కూర్చుంది.